మేకవన్నె పులి నుంచి సైకో వరకు: తెలుగు నేరకథలో మనోవైద్యుడి స్థానం – ఓరుగల్లు సందర్భం

వ్యాససంగ్రహం

మనోవైద్యుణ్ణి లక్ష్యంగా చేసుకొన్న క్రూరమనస్కుడి కథ ప్రపంచ నేరసాహిత్యంలో స్థిరపడిన ఒక ఇతివృత్తం. ఆ కథలోని రెండు పాత్రలూ తెలుగులోకి వేర్వేరు కాలాల్లో, వేర్వేరు దారుల్లో వచ్చాయి. మనోవైద్యుడు చికిత్సకుడిగా వచ్చాడు. క్రూరమనస్కుడు ‘సైకో’ అన్న పేరుతో, రోగికి చెందిన మాటను ధరించి వచ్చాడు. దీనివల్ల తెలుగు భాష చిరకాలంగా పాటించిన ఒక విభజన, అనగా పిచ్చికీ కపటానికీ మధ్య ఉన్న గీత, చెరిగిపోయింది. ఆ మార్పును 1897 నాటి ‘ప్రతాపరుద్రీయము’ మొదలుకొని 2020 నాటి గొర్రెకుంట హత్యల వరకు, వరంగల్లును కేంద్రంగా చేసుకొని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మనోవైద్యుడు, ఉన్మాదం, సైకో, నేరకథ, ప్రతాపరుద్రీయము, వరంగల్లు, గొర్రెకుంట, మానసిక ఆరోగ్య చట్టాలు.

1. ఉపోద్ఘాతం

నేరకథలో పరిశోధకుడు బయటి ఆనవాళ్లను వెదకుతాడు. వేలిముద్ర, రక్తపు మరక, మార్చిన వీలునామా అతనికి ఆధారాలు. మానసిక ఉత్కంఠ ప్రధానమైన కథలో వెదకులాట మనిషి లోపలికి మళ్లుతుంది. అందువల్ల అక్కడ పోలీసు అధికారి స్థానంలో మనోవైద్యుడు నిలబడతాడు. అతని వృత్తి వినడం, నమ్మడం, విన్నదాన్ని దాచడం. ఈ మూడింటినీ ఆయుధాలుగా మలచుకోగల ప్రత్యర్థి ఎదురైనప్పుడు ఆ కథకు అసలైన ఉద్రిక్తత కలుగుతుంది. అబద్ధాన్ని నిజమంత నమ్మకంగా చెప్పగలవాడి ముందు, వినడమే వృత్తిగా గలవాడు అందరికంటే నిరాయుధుడు.

పాశ్చాత్య సాహిత్యంలో, చలనచిత్రాల్లో ఈ ఇతివృత్తం పలు రూపాలు ధరించింది. థామస్ హారిస్ 1988లో ప్రచురించిన ‘ది సైలెన్స్ ఆఫ్ ది ల్యాంబ్స్’ నవలలో మనోవైద్యుడే హంతకుడు. 1999 నాటి ‘ది సిక్స్త్ సెన్స్’ చిత్రం ఒక బాలల మనస్తత్వ నిపుణుడిపై అతని పూర్వరోగి జరిపిన కాల్పులతో మొదలవుతుంది. 2001 నాటి ‘డోంట్ సే ఎ వర్డ్’ చిత్రంలో నేరస్థులు మనోవైద్యుడి కుమార్తెను అపహరించి, అతని వృత్తినైపుణ్యాన్నే తమకు పనిముట్టుగా వాడుకోజూస్తారు.

తెలుగులో ఈ ఇతివృత్తం ఎందుకు అంతగా వేరూనలేదు? దాని బదులు ఏ రూపాలు వచ్చాయి? ఆ రూపాలు మన భాషకూ, మానసిక రోగులకూ ఏం చేశాయి? ఈ మూడు ప్రశ్నలే ఈ పరిశీలనకు ప్రాతిపదిక.

2. పరిభాష: రెండు మాటల మధ్య గీత

2.1. తెలుగు నుడికారంలో పిచ్చి, కపటం

తెలుగు సామెతల్లో పిచ్చివాడు రెండు రకాలుగా కనిపిస్తాడు. పిచ్చి కుదిరింది రోకలి తలకు చుట్టమన్నవాడు నవ్వు పుట్టిస్తాడు. పిచ్చివాడి చేతిలో రాయి భయం పుట్టిస్తుంది. అయితే ఆ రాయి ఎవరికి తగులుతుందో రాయి పట్టుకొన్నవాడికే తెలియదు. అతనిలో ఉద్దేశం లేదు, పథకం లేదు. భయం ఉన్నా ద్వేషం లేని మాట అది.

తెలిసి, ఆలోచించి, పైకి సౌమ్యంగా ఉంటూ హాని చేసేవాడికి తెలుగు వేరే మాటలు కేటాయించింది. మేకవన్నె పులి, గోముఖవ్యాఘ్రం, తేనె పూసిన కత్తి, పయోముఖ విషకుంభం అన్నవి అటువంటివి. వీటిలో ఒక్కదానిలోనూ రోగసూచన లేదు. ఇవి నీతికి సంబంధించిన మాటలు. మేకవన్నె పులిని ఎవరూ వైద్యుడి దగ్గరకు తీసుకుపోవాలనుకోరు. దాని నుంచి తప్పుకోవాలనుకొంటారు, లేదా దాన్ని పట్టి బంధించాలనుకొంటారు. పిచ్చి ఒక స్థితి, కపటం ఒక నడవడి అన్న వివేకం మన నుడికారంలో స్పష్టంగా ఉంది.

2.2. పాశ్చాత్య వైద్యంలో అదే గీత

ఇదే వివేకాన్ని వైద్యశాస్త్ర పరిభాషలో నిలబెట్టడానికి పాశ్చాత్య మనోవైద్యానికి శతాబ్దానికి పైగా పట్టింది. ఫ్రెంచి వైద్యుడు ఫిలిప్ పినెల్ 1801లో, భ్రమలు లేని ఉన్మాదం ఒకటున్నదని వర్ణించాడు. 1835లో ఆంగ్ల వైద్యుడు ప్రిచార్డ్ దానిని నైతిక ఉన్మాదం అన్నాడు. 19వ శతాబ్దం చివర జర్మన్ వైద్యుడు కోఖ్ ‘సైకోపతీ’ సంబంధమైన పదజాలాన్ని స్థిరపరచాడు. 1930లో అమెరికన్ మనస్తత్వవేత్త పార్ట్రిడ్జ్ ‘సోషియోపతీ’ అన్న మాటకు ప్రచారం కల్పించాడు. లోపం మనిషి మెదడులో కంటే సంఘంతో అతని సంబంధంలో ఉన్నదని చెప్పడం ఆ మాట ఉద్దేశం.

1941లో అమెరికన్ మనోవైద్యుడు హెర్వీ క్లెక్లీ ప్రచురించిన ‘ది మాస్క్ ఆఫ్ శానిటీ’ ఈ చరిత్రలో మలుపు. స్వస్థచిత్తమనే ముసుగు అన్నది ఆ పేరుకు అర్థం. ఇటువంటి వ్యక్తి మాటలో తర్కం తప్పదు, చూపులో భ్రమ ఉండదు, పలకరింపులో ఆకర్షణ ఉంటుంది, పశ్చాత్తాపం మాత్రం ఉండదు. మేకవన్నె పులి అన్న మన మాటకు ఇంతకంటే దగ్గరి శాస్త్రీయ వర్ణన దొరకదు. అమెరికన్ మనోవైద్య సంఘం 1980లో వెలువరించిన మూడవ రోగనిర్ధారణ సంపుటి ఈ లక్షణాలను ‘యాంటీ సోషల్ పర్సనాలిటీ డిజార్డర్’ అన్న శీర్షిక కిందికి తెచ్చింది. పద్దెనిమిదేళ్లు నిండనివారికి ఈ నిర్ధారణ ఇవ్వరాదు. పదిహేనేళ్ల వయసుకు ముందే ప్రవర్తనలో దాని ఆనవాళ్లు కనిపించి ఉండాలి.

ఈ శీర్షికను తెలుగు చేయడంలో ఒక చిక్కుంది. ‘అసాంఘిక’ అన్న మాట మన పత్రికాభాషలో అప్పటికే వేరే పనిలో స్థిరపడింది. అసాంఘిక కార్యకలాపాలు అనగానే పాఠకుడికి పేకాట, వ్యభిచారం స్ఫురిస్తాయి. అసాంఘిక శక్తులు అనగానే పోలీసు ప్రకటన స్ఫురిస్తుంది. కాబట్టి ‘అసాంఘిక వ్యక్తిత్వ వికృతి’ అన్న అనువాదం వైద్యార్థాన్ని మోయలేకపోయింది. ఆ ఖాళీలోకి ‘సైకో’ ప్రవేశించింది.

2.3. ‘సైకో’ ప్రయాణం

రాబర్ట్ బ్లాక్ 1959లో ప్రచురించిన నవలకూ, ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 1960లో దాని ఆధారంగా తీసిన చిత్రానికీ పేరు ‘సైకో’. ఆ కథలోని హంతకుడు క్లెక్లీ వర్ణించిన రకం వ్యక్తి కాడు. అతడు తన వ్యక్తిత్వాన్ని రెండుగా చీల్చుకొన్న రోగి. చిత్రం చివర ఒక మనోవైద్యుడు వచ్చి ఆ విషయాన్నే వివరిస్తాడు. ప్రేక్షకుడికి మాత్రం వివరణ కంటే కత్తి ఎక్కువగా గుర్తుండిపోయింది. ‘సైకోసిస్’ అనే రోగానికీ, ‘సైకోపాత్’ అనే వ్యక్తిత్వానికీ ఉమ్మడిగా ఉన్న మొదటి రెండక్షరాలు విడివడి, ఒకే భయానికి పేరయ్యాయి.

తెలుగులోకి ఆ మాట ఈ కలగలుపు రూపంలోనే దిగుమతి అయింది. నేడు అది పత్రికల శీర్షికల్లో నేరస్థుడికి, కళాశాల ఆవరణలో చనువైన తిట్టుకు, ఇంట్లో కోపిష్ఠికి ఒక్కలాగే వర్తిస్తుంది. పిచ్చివాడి చేతిలోని రాయి, మేకవన్నె పులి ఒకే పేరు పెట్టుకొన్నాయి.

3. ఓరుగల్లు నాటకం: ఉన్మాదవేషం

ముసుగు అన్న భావన తెలుగు సాహిత్యంలో మనోవైద్యం కంటే ముందే ఉంది. దానికి ఉత్తమోదాహరణ ఓరుగల్లు కథే. వేదం వేంకటరాయశాస్త్రి 1897లో ప్రచురించిన ‘ప్రతాపరుద్రీయము’ నాటకంలో కాకతీయ ప్రభువు ప్రతాపరుద్రుడు ఢిల్లీ సుల్తానుకు బందీ అవుతాడు. మంత్రి యుగంధరుడు పిచ్చివాడి వేషంలో ఢిల్లీ వీధులకు చేరి, రాజును విడిపించి, సుల్తానునే బంధించి తెస్తాడు. రాజు పోలికలు గల చాకలి పేరిగాడు రాజవేషం వేస్తాడు.

చరిత్ర మరోలా నడిచింది. 1323లో ఓరుగల్లు కోట పతనమైంది. ఢిల్లీకి తరలిస్తుండగా ప్రతాపరుద్రుడు నర్మదాతీరంలో మరణించినట్లు ప్రోలయనాయకుడి విలస తామ్రశాసనం తెలుపుతున్నది. రాజు తిరిగి రాలేదు. నాటకం ఆ ఓటమిని బుద్ధిబలంతో గెలుపుగా మార్చింది. భాసుడి ‘ప్రతిజ్ఞాయౌగంధరాయణం’లో కూడా మంత్రి ఉన్మత్తవేషంలోనే రాజును విడిపించబూనుతాడు. భాసనాటకాలు గణపతిశాస్త్రి పరిష్కరణలో 1912 నుంచి వెలుగు చూశాయి కాబట్టి, వేంకటరాయశాస్త్రి నాటకం వాటికి ముందటిది. ఉదయనుడి కథ బృహత్కథా సంప్రదాయంలో ప్రచారంలో ఉన్నదే.

ప్రస్తుత చర్చకు ముఖ్యమైనది ఆ వేషం పనిచేసే విధానం. పిచ్చివాణ్ణి అందరూ చూస్తారు, ఎవరూ పట్టించుకోరు. తన పథకాన్ని అతడు బహిరంగంగా అరిచినా అది ప్రలాపంగానే వినిపిస్తుంది. పాత్రోచిత భాషను తెలుగు నాటకంలో పట్టుదలతో ప్రవేశపెట్టిన వేంకటరాయశాస్త్రి పిచ్చిమాటకు కూడా ఒక ప్రత్యేకభాషను ఇచ్చాడు. ఆ భాషను నిజంగా వినగలవాడు ఢిల్లీలో ఒక్కడున్నా యుగంధరుడి పథకం విఫలమయ్యేది. మరో మాటలో చెప్పాలంటే, ఆ నాటకంలో మనోవైద్యుడు లేకపోవడమే కథానాయకుడి విజయానికి కారణం.

యుగంధరుడు స్వస్థచిత్తాన్ని పిచ్చి కింద దాచాడు. క్లెక్లీ వర్ణించిన వ్యక్తి తన లోపలి శూన్యాన్ని స్వస్థచిత్తం కింద దాచాడు. రెండు ముసుగులూ ఒకే నాణేనికి బొమ్మాబొరుసుల వంటివి. మొదటి ముసుగు చూపరుల చిన్నచూపుపై ఆధారపడుతుంది, రెండవది వారి నమ్మకంపై ఆధారపడుతుంది. తరువాతి కాలంలో కొమ్మూరి సాంబశివరావు తన అపరాధ పరిశోధకుడికి యుగంధర్ అన్న పేరే పెట్టాడు. ఓరుగల్లు మంత్రి పేరు ఈ విధంగా ముసుగులు తొలగించేవాడి పేరుగా కూడా తెలుగు పాఠకుల నోళ్లలో నిలిచింది.

4. మనోవైద్యుడి ప్రవేశం

4.1. సంస్థలు

తెలుగు ప్రాంతాల్లో మానసిక వైద్యం ఆసుపత్రి కంటే ముందు నిర్బంధంగా పరిచయమైంది. విశాఖపట్నంలో 19వ శతాబ్దపు ఉత్తరార్ధంలోనే ఉన్మాదుల ఆశ్రయం వెలసింది. నిజాం రాజ్యంలోని ఆసుపత్రి మరాఠ్వాడాలోని జాల్నాలో ఉండేది. 1950ల తొలి సంవత్సరాల్లో అది హైదరాబాదులోని ఎర్రగడ్డకు తరలింది. వరంగల్లులో కాకతీయ వైద్య కళాశాల 1959లో ప్రారంభమైంది. దానికి అనుబంధమైన మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రిని జనం ఎం.జి.ఎం. అని పిలుచుకొంటారు. ఉత్తర తెలంగాణ జిల్లాల రోగులకు అదే పెద్ద దిక్కయింది.

సంస్థలు భాషలోకి ప్రవేశించిన తీరు గమనించదగ్గది. తెలంగాణలో ఎర్రగడ్డ, ఉత్తరాంధ్రలో చినవాల్తేరు ఊళ్ల పేర్లుగా ఉండి ఎత్తిపొడుపు మాటలయ్యాయి. ఎర్రగడ్డకు పంపాలి అన్న మాట ఇవాళ్టికీ వినిపిస్తుంది. రోగి ఆసుపత్రికి వెళ్లకముందే ఆ మాట అతణ్ణి చేరుతుంది. చాలామంది కుటుంబసభ్యులు చికిత్సను వాయిదా వేయడంలో ఈ మాటల పాత్రను తక్కువగా అంచనా వేయరాదు.

చట్టాల భాష దీనికి భిన్నంగా, నెమ్మదిగా మెత్తబడుతూ వచ్చింది. 1912 నాటి భారతీయ ఉన్మాద చట్టం రోగిని ఉన్మాది అన్నది. 1987 చట్టం మానసిక రోగి అన్నది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక అనారోగ్యం గల వ్యక్తి అంటూ వ్యక్తిని గుర్తించింది. మానసిక అనారోగ్య నిర్ధారణ జరిగినంత మాత్రాన ఆ వ్యక్తి మతిస్థిమితం లేనివాడని భావించరాదనీ, ఆ ప్రకటన న్యాయస్థానమే చేయాలనీ ఆ చట్టం మూడవ సెక్షను చెబుతున్నది. చట్టం రోగికి మనిషి పేరు ఇస్తున్న కాలంలోనే వ్యవహారం అతనికి సైకో అన్న పేరు పెట్టింది.

4.2. సాహిత్యం, చలనచిత్రం

1940లలో వచ్చిన బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’, గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, తరువాతి దశాబ్దపు రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘అల్పజీవి’ తెలుగు నవలను మనసు లోపలికి తీసుకువెళ్లాయి. వరంగల్లు ప్రాంతపు వావిలాలలో జన్మించిన నవీన్ 1969లో వెలువరించిన ‘అంపశయ్య’, ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహంలోని ఒక విద్యార్థి మనసులో ఒక్క రోజులో సాగే చైతన్యస్రవంతిని నవలగా మలచింది. ఈ నవలలన్నింటిలో కల్లోలం ఉంది. దాన్ని విప్పి చెప్పే మనోవైద్యుడు కథలో కేంద్రం కాడు. బుచ్చిబాబు కథానాయకుడు దయానిధి వైద్యుడైనా తన మనసుకు తానే రోగి. ఇక్కడ మనోవైద్యుడి పనిని రచయితే చేశాడు, పాఠకుడు చేశాడు.

మనోవైద్యశాల ప్రజల ముందుకు ప్రధానంగా చలనచిత్రం ద్వారా వచ్చింది. గుత్తా రామినీడు దర్శకత్వంలో 1960లో వచ్చిన ‘చివరకు మిగిలేది’ చిత్రం పేరుకు బుచ్చిబాబు నవలను గుర్తుచేసినా కథ వేరు. అది బెంగాలీ చిత్రం ‘దీప్ జ్వేలే జాయి’ ఆధారంగా తీసినది. మనోవైద్యశాలలో నర్సుగా పనిచేసే యువతి, వైద్యుడి ప్రయోగంలో భాగంగా రోగి పట్ల ప్రేమను నటిస్తుంది. నటన నిజమవుతుంది. రోగి కోలుకొంటాడు, ఆమె మనసు చెదిరి అదే ఆసుపత్రిలో రోగిగా మిగులుతుంది. ఆ పాత్రను సావిత్రి ధరించింది. ఉస్మానియాలో వైద్యవిద్య చదివిన ప్రభాకరరెడ్డికి అదే తొలి చిత్రం.

ఈ కథ మన పరిశీలనకు కీలకం. చికిత్స చేసేవారు చికిత్స వల్లనే గాయపడవచ్చునన్న సత్యాన్ని తెలుగు ప్రేక్షకుడు ఇక్కడ చూశాడు. అయితే గాయపరచినవాడు దుర్మార్గుడు కాడు. రోగి నిర్దోషి, వైద్యుడు సదుద్దేశం గలవాడు. మనోవైద్యశాల తెలుగు తెరపై మొదట కరుణరస స్థలంగా కనిపించిందన్న మాట.

5. క్రూరమనస్కుడి ప్రవేశం

1979లో భారతీరాజా దర్శకత్వంలో వచ్చిన ‘ఎర్ర గులాబీలు’ ఈ చిత్రాన్ని మార్చింది. అంతకుముందు సంవత్సరం వచ్చిన తమిళ చిత్రం దీనికి మూలం. ఇందులో హంతకుడు సంపన్నుడు, మర్యాదస్తుడు, యువతులను ఆకర్షించగలవాడు. మేకవన్నె పులి అన్న మాట అక్షరాలా వర్తించే పాత్ర అది. కథ అతని క్రూరత్వానికి బాల్యంలోని అవమానాలను కారణంగా చూపుతుంది. ఆ కారణం చెప్పడంతో పులి రోగిగా మారడం మొదలైంది.

1980ల తొలినాళ్లలో ధారావాహికగా వచ్చి లక్షలాది పాఠకులను ఆకట్టుకొన్న యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ మరో దారి తొక్కింది. పసిపాపకు సోకిన వ్యాధికి క్షుద్రవిద్య ఒక వివరణగా, వైద్యం, హిప్నాటిజం మరొక వివరణగా అందులో ఎదురెదురుగా నిలుస్తాయి. మనోవైద్యశాస్త్రానికి ప్రత్యర్థి ఇక్కడ క్రూరమనస్కుడు కాడు, మంత్రగాడు. తెలుగు సమాజంలో మనోవైద్యుడు అప్పటికి గెలవవలసిన పోరు అదే. చేతబడి అనుమానంతో మనుషులను చంపిన ఘటనలు తెలంగాణ పల్లెల్లో నమోదవుతున్న కాలంలో ఆ పోరు కాల్పనికం మాత్రమే కాదు. ఆ పోరు తేలకముందే సోషియోపాత్‌తో తలపడే తీరిక మనోవైద్యుడి పాత్రకు లేకపోయింది. ఈ ఇతివృత్తం తెలుగులో వేరూనకపోవడానికి ఇది ఒక ప్రధాన కారణం.

2005లో తమిళం నుంచి అనువదితమై తెలుగునాట ఘనవిజయం పొందిన రెండు చిత్రాలు మనోవైద్యుణ్ణి కథ మధ్యకు తెచ్చాయి. ‘చంద్రముఖి’లో అతడే కథానాయకుడు. 1993 నాటి మలయాళ చిత్రం ‘మణిచిత్రతాళు’ ఈ కథకు మూలం. ‘అపరిచితుడు’లో మనోవైద్యుడు హంతకుడి మనసులోని బహుళ వ్యక్తిత్వాలను విప్పుతాడు, న్యాయస్థానం అతణ్ణి చికిత్సకు పంపుతుంది. రెండింటిలోనూ ప్రమాదం రోగి రూపంలో వచ్చింది. ‘అపరిచితుడు’ చివరి సన్నివేశం మాత్రం లోతుగా చూడదగినది. కోలుకొన్నాడని అందరూ నమ్మిన వ్యక్తి పూర్తి స్పృహతో మరొక హత్య చేసి, దానిని నింపాదిగా దాచుకొంటాడు. రోగి వెళ్లిపోయాడు, ముసుగు మిగిలింది. మోసపోయినవాడు మనోవైద్యుడు. వైద్యుణ్ణి వంచించే క్రూరమనస్కుడి కథ అక్కడ మొదలు కావాలి. చిత్రం అక్కడ ముగుస్తుంది, ప్రేక్షకుడు చప్పట్లు కొడతాడు.

6. గొర్రెకుంట: కథ కాని కథ

6.1. ఘటన

2020 మే 21, 22 తేదీల్లో వరంగల్లు శివార్లలోని గొర్రెకుంటలో ఒక బావి నుంచి తొమ్మిది మృతదేహాలు వెలికి తీశారు. మృతుల్లో ఆరుగురు పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చి దాదాపు రెండు దశాబ్దాలుగా వరంగల్లులో జీవిస్తున్న ఒకే కుటుంబం వారు. వారిలో మూడేళ్ల పసివాడు ఉన్నాడు. మిగిలిన ముగ్గురిలో ఇద్దరు బీహారు యువకులు, ఒకరు త్రిపుర వాసి. గోనెసంచుల పని ఆ కుటుంబానికి జీవనాధారం.

అది కరోనా లాక్‌డౌన్ కాలం. వలస కార్మికుల కాలినడకలు వార్తల నిండా ఉన్న రోజులు. కాబట్టి తొలి ఊహ ఆత్మహత్యల వైపు మళ్లింది. శవపరీక్షలు, దర్యాప్తు దానిని తోసిపుచ్చాయి. బీహారుకు చెందిన మరొక వలస కార్మికుణ్ణి కొద్ది రోజుల్లోనే పోలీసులు అరెస్టు చేశారు. ఆ కుటుంబానికి బంధువైన ఒక మహిళను అతడు అదే సంవత్సరం మార్చిలో ప్రయాణంలో ఉండగా రైలు నుంచి తోసి చంపాడనీ, ఆమె ఏమైందని కుటుంబం నిలదీయడంతో భోజనంలో నిద్రమాత్రలు కలిపి, స్పృహ తప్పినవారిని బావిలో పడవేశాడనీ నేరాభియోగం. వరంగల్లు సెషన్స్ న్యాయస్థానం 2020 అక్టోబరు 28న అతనికి మరణశిక్ష విధించింది. ఘటనకూ తీర్పుకూ మధ్య గడచినది ఐదు నెలల పైచిలుకు కాలమే.

6.2. పేరు పెట్టడంలోని ప్రమాదం

ఇటువంటి ఘటన జరగగానే వ్యవహారంలో మొదట పుట్టే మాట సైకో. దోషిగా తేలిన వ్యక్తికి మనోవైద్య నిర్ధారణ చేయడం సాహిత్య పరిశోధకుడి పని కాదు, పత్రిక పని కూడా కాదు. ఆ మాట ఏం చేస్తుందో పరిశీలించడం మాత్రం మన పని.

మొదటిది, అది నేరంలోని లెక్కను మరుగుపరుస్తుంది. నిరూపితమైన నేరక్రమంలో కారణం ఉంది, ముందుజాగ్రత్త ఉంది, ఒక నేరాన్ని దాచడానికి మరొక నేరం ఉంది. పిచ్చివాడి చేతిలోని రాయికి ఇటువంటి వరుసక్రమం ఉండదు.

రెండవది, అది సామాజిక కారణాలను చెరిపేస్తుంది. మార్చిలో మాయమైన మహిళ గురించి మే వరకు వ్యవస్థ ఎందుకు అడగలేదు? ఇరవై ఏళ్లు ఊరికి పనిచేసిన కుటుంబం కనిపించకపోతే వెదకడానికి ఇరుగుపొరుగు, సంఘం ఎంత దూరంలో ఉన్నాయి? సైకో అన్న సమాధానం దొరికిన చోట ఈ ప్రశ్నలు ఆగిపోతాయి. హంతకుడు మనలోనివాడు కాడు, మనిషే కాడు అన్న ఊరట మాత్రం మిగులుతుంది.

మూడవది, ఆ మాట మరుసటి రోజు ఎం.జి.ఎం. ఆసుపత్రి మనోవైద్య విభాగం ముందు వరుసలో నిలుచున్న నిర్దోషి రోగికి అంటుకొంటుంది. 1998లో ప్రచురితమైన అమెరికాలోని మెక్‌ఆర్థర్ అధ్యయనం, ఆసుపత్రి నుంచి విడుదలైన మానసిక రోగుల్లో మాదకద్రవ్యాల, మద్యం దుర్వినియోగం లేనివారి హింసాప్రవృత్తి వారి ఇరుగుపొరుగు కంటే ఎక్కువ కాదని చూపింది. మానసిక రోగులు హింసకు కర్తలు కావడం కంటే బాధితులు కావడమే ఎక్కువన్నది ఆ రంగంలో స్థిరపడిన అవగాహన.

6.3. న్యాయస్థానంలో మనోవైద్యుడు

భారత శిక్షాస్మృతి 84వ సెక్షను, దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షను, చేస్తున్న పని స్వభావాన్ని గానీ, అది తప్పు లేదా చట్టవిరుద్ధం అన్న సంగతిని గానీ మతిస్థిమితం లేక తెలుసుకోలేనివాడికి మాత్రమే నేరబాధ్యత నుంచి మినహాయింపునిస్తాయి. 1843లో ఇంగ్లండులో ఏర్పడిన మెక్‌నాటన్ సూత్రాలు వీటికి మూలం. 2011లో సురేంద్ర మిశ్రా కేసులో సుప్రీంకోర్టు వైద్యపరమైన ఉన్మాదం వేరనీ, చట్టపరమైన ఉన్మాదం వేరనీ స్పష్టం చేసింది. పిచ్చికీ కపటానికీ మధ్య తెలుగు నుడికారం గీసిన గీతను చట్టం కూడా తన పద్ధతిలో గీసిందని గుర్తించాలి.

గొర్రెకుంట తీర్పు వచ్చిన రెండేళ్లలోపే, 2022 మే నెలలో, మనోజ్ కేసులో సుప్రీంకోర్టు మరొక అడుగు వేసింది. మరణశిక్షకు అవకాశమున్న కేసుల్లో నిందితుడి మానసిక స్థితిపై మనోవైద్య, మనస్తత్వ నివేదికలను ప్రభుత్వం విచారణ న్యాయస్థానం ముందు ఉంచాలని నిర్దేశించింది. సాక్షిగా మాత్రమే అప్పుడప్పుడు కనిపించిన మనోవైద్యుడు ఒక మనిషి ప్రాణం గురించిన నిర్ణయంలో తప్పనిసరి స్వరమయ్యాడు. స్వస్థచిత్తమనే ముసుగు వేసుకొన్నవాడెవడో, నిజంగా రోగి ఎవడో తేల్చవలసిన బాధ్యత అతనిది. ముసుగును గుర్తించలేకపోతే న్యాయం మోసపోతుంది, రోగాన్ని గుర్తించలేకపోతే రోగి ఉరికంబం ఎక్కుతాడు.

ఆ బాధ్యతతో పాటు అపాయమూ వస్తుంది. 2017 చట్టం 23వ సెక్షను రోగి రహస్యాలను కాపాడమంటుంది, ఇతరులను హింస నుంచి రక్షించడానికి అవసరమైనంత మేరకు వెల్లడించవచ్చునని మినహాయింపునిస్తుంది. కాలిఫోర్నియాలో 1976 నాటి టరాసాఫ్ తీర్పు లేవనెత్తిన సందిగ్ధమే ఇది. చికిత్సా గదిలో ఒక రోగి తాను ఒకరిని చంపుతానన్నప్పుడు వైద్యుడు ఎవరికి జవాబుదారీ? వైద్యసిబ్బందిపై దాడులను నివారించడానికి ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 2008 నాటి చట్టం మూడేళ్ల వరకు జైలుశిక్ష విధించవచ్చునని చెబుతున్నది. అది గదిలోకి దూసుకువచ్చే గుంపు నుంచి వైద్యుడికి రక్షణ. ఎదుటి కుర్చీలో మర్యాదగా కూర్చొని, నెలల తరబడి నమ్మకాన్ని కూడబెట్టుకొనేవాడి నుంచి ఏ చట్టమూ రక్షించలేదు. అతని నుంచి రక్షించగలది వైద్యుడి శిక్షణ, సహవైద్యుల సలహా మాత్రమే. తెలుగు నవల ఇంకా ప్రవేశించవలసిన గది అదే.

7. ముగింపు

ఈ పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి:

1. తెలుగు నుడికారం పిచ్చినీ కపటాన్నీ వేరుగా ఉంచింది. ‘సైకో’ అన్న దిగుమతి మాట ఆ రెంటినీ కలిపివేసింది. పర్యవసానంగా నేరస్థుడికి రోగి పేరు, రోగికి నేరస్థుడి నీడ దక్కాయి.

2. ఓరుగల్లు ఇతివృత్తంగా గల ‘ప్రతాపరుద్రీయము’లోని ఉన్మాదవేషం, క్లెక్లీ వర్ణించిన స్వస్థచిత్తపు ముసుగు పరస్పరం ప్రతిబింబాలు. ఈ రెంటినీ కలిపి చదవడం తెలుగు నేరకథా విమర్శకు ఉపయోగపడే పనిముట్టు.

3. తెలుగు చలనచిత్రంలో మనోవైద్యశాల మొదట కరుణరస స్థలం. జనప్రియ నవలలో మనోవైద్యశాస్త్రానికి తొలి ప్రత్యర్థి మంత్రగాడు. సోషియోపాత్‌తో అతని ముఖాముఖి మన కథల్లో అరుదుగా మిగిలిపోవడానికి ఈ క్రమమే కారణం.

4. గొర్రెకుంట ఘటన, తదనంతర న్యాయపరిణామాలు ఆ ముఖాముఖిని కల్పన నుంచి వాస్తవ జీవితంలోకి తెచ్చాయి. మనోవైద్యుడి నివేదికకు మరణశిక్ష నిర్ణయంలో స్థానం లభించిన కాలంలో, రోగికీ క్రూరమనస్కుడికీ తేడా తెలియని భాష ప్రమాదకరం.

పరిశోధకులకూ, అధ్యాపకులకూ ఇక్కడ చేయదగిన పని ఉంది. మనోవైద్య పరిభాషను తెలుగులో స్థిరపరచేటప్పుడు ఆంగ్ల శీర్షికలను మాటకు మాటగా మార్చడం కంటే, మన సామెతల్లో నిలిచి ఉన్న వివేకాన్ని వెలికి తీయడం మేలు. తరగతి గదిలో ఒక నేరవార్తను చర్చించేటప్పుడు సైకో అన్న మాట వినిపిస్తే, మాట్లాడుతున్నది పిచ్చివాడి చేతిలోని రాయి గురించా, మేకవన్నె పులి గురించా అని అడగడంతో ఆ పని మొదలు పెట్టవచ్చు.